అరలో దాచిన గొంతు

మైకు ముందు నిలబడకుండా, నోరు తెరవకుండా, నేను టీవీలో మాట్లాడుతున్నాను. హాల్లో కుర్చీలో కూర్చుని, మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుని, గోరువెచ్చని నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వింటున్నాను. తెర మీద సీరియల్ కోడలు అద్దం ముందు వెతుక్కుంటూ, ఉంగరం ఇక్కడే పెట్టాను అత్తయ్యా, అంటోంది. గొంతు నాదే. ఈ సీరియల్ మొదలైనప్పటి నుంచీ ఆ అమ్మాయికి గొంతు నేనే, అందులో వింతేమీ లేదు. ఆ అమ్మాయికి మన భాష రాదు, షూటింగులో మాటలకి బదులు అంకెలు చెబుతుంది, ఒకటి రెండు మూడు నాలుగు అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, ఆ అంకెల మీద పెదవి కలిసేలా నేను మాటలు పరుస్తాను. కానీ ఈ ఉంగరం మాట నేను అనలేదు. ఈ మధ్య నేను ఏ మాటా అనలేదు. డాక్టరమ్మ నా ముక్కులోంచి సన్నటి గొట్టం దించి చూసి, ఏడ్చి ఏడ్చి గొంతులో కాయలు కాశాయమ్మా, బిగుతు చెప్పులకి వేళ్ల మీద కాసినట్టు, అని చెప్పి, వాటిని కోసి తీసేసి, నేను చెప్పేదాకా గుసగుస కూడా వద్దంది. ఇప్పుడు మాట్లాడితే పుండు మానదు, అది మానకపోతే ఉన్న గొంతు ఇక రాదు. అందుకని ఈ ఇంట్లో కొన్ని వారాలుగా నేను గోడలాగా ఉన్నాను. టీవీలో మాత్రం ధారాళంగా మాట్లాడుతున్నాను.

సాయంత్రం ఫోను మోగితే ముందు ఆశ్చర్యపోయాను, మాట్లాడని మనిషికి ఎవరు చేస్తారని. సౌండు బాబాయ్. డబ్బింగ్ స్టూడియోలో అద్దానికి అవతల కూర్చుని మా గొంతులు పట్టే ఇంజనీరు, చిన్నా పెద్దా అందరికీ బాబాయే. "నువ్వు మాట్లాడకమ్మా, నేనే మాట్లాడతా. గోరుతో ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. మీ అక్క చెప్పిందిలే." ఆ గోటి భాష మాది, అక్కదీ నాదీ, నా గొంతు మూతపడిన రోజు నుంచి మేం కల్పించుకున్నది. అది ఆయన నోట వినగానే ఎవరో మా వంటింట్లోకి చెప్పులతో వచ్చినట్టనిపించింది. ఆయన సంబరంగా చెప్పుకుపోయాడు. ఇవాళ్టి ఎపిసోడ్ తప్పకుండా చూడమన్నాడు, నువ్వే కనిపెట్టలేవు, పందెం అన్నాడు. స్టూడియోలో స్థలం చాలక పాత డబ్బింగులన్నీ ఎప్పటికప్పుడు చెరిపేశామనీ, మీ అక్క ఇంట్లో సీరియల్ రికార్డు చేసుకునే పెట్టె తెరిచి మొదటి ఎపిసోడ్ నుంచీ నెట్‌లో పంపకపోతే అంత గొంతు ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లమనీ, అందులోంచి సంగీతం తీసేసి, మిగతావాళ్ల మాటలు తీసేసి, నీ గొంతొక్కటే వడగట్టి యంత్రానికి నేర్పామనీ, ఇప్పుడు ఏం టైపు చేస్తే అది నీలాగే చెబుతోందనీ. "మంచి మనసుతో ఒప్పుకున్నావమ్మా. ఇంకొకళ్లయితే నానా గొడవా చేసేవాళ్లు. నువ్వు తిరిగొచ్చాక కూడా రోజూ పడిగాపులు పడక్కర్లేదు, కేకల సీన్లుంటే పిలుస్తాం. అవొక్కటే దానికింకా రావట్లేదు." నేను రెండుసార్లు కొట్టాను. మళ్లీ రెండుసార్లు. గోరు నొప్పి పుట్టేలా కొట్టాను. "ఒకటా, రెండా? సిగ్నల్ సరిగ్గా లేదు. సరే, ఉంటా తల్లీ," అని పెట్టేశాడు. అద్దం అవతలి నుంచి నా కడుపులో గుడగుడ కూడా పట్టేసి, కడుపేదో అంటోందమ్మా, బిస్కెట్టు తిని రా, మళ్లీ చేద్దాం అనే మనిషి. ఆయనకి నా రెండు దెబ్బలు వినపడలేదు.

పెట్టె అలమారాలో ఉంది. ఇక్కడి నుంచి చూస్తే పడగ్గది తలుపు సందులో అలమారా సగం కనిపిస్తుంది, దాని తలుపు ఎప్పుడూ ఓరగానే ఉంటుంది, మూస్తే పెట్టె వేడెక్కుతుందని. అక్క ఆఫీసుల్లో కంప్యూటర్లకి నెట్‌వర్క్ వైర్లు లాగుతుంది, ఏ ఆఫీసో మూసేస్తూ పారేస్తుంటే తెచ్చుకుంది దాన్ని, బిస్కెట్ల డబ్బా అంత నల్లటి పెట్టె, లోపల రెండు డిస్కులు. డాబా మీది యాంటెనా వైరు కిటికీలోంచి తెచ్చి దానికి తగిలించింది. సీరియల్ వేళకి అదే లేస్తుంది, రికార్డు చేసుకుంటుంది, మళ్లీ పడుకుంటుంది. తర్వాత మనం హాల్లో టీవీలోనైనా, మంచం మీద ఫోన్లోనైనా, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లో కూడా రాసుకుంటుందే, ఒకటి చచ్చినా ఇంకోటి బతికుంటుంది, మనిద్దరిలాగా, అంది అక్క దాన్ని బిగించిన రోజున, స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని. నేను నవ్వాను. పై అరలో మా దుప్పట్లు ఉంటాయి, చలి రోజుల్లో తీస్తే పెట్టె వేడికి వెచ్చగా ఉంటాయి, అక్క చెల్లెలి గొంతు కప్పుకుని పడుకుంటోందని నేనే వెక్కిరించేదాన్ని. పెట్టెలో నా ఎపిసోడ్లున్న అరకి పిట్ట అని పేరు పెట్టింది, చిన్నప్పటి నుంచీ నన్ను పిలిచే పేరు. స్థలం నిండితే పాతవి వాటంతటవే చెరిగిపోతాయట, అవి పోకుండా ఒక్కోదానికీ తాళం గుర్తు పెట్టేది. సెలవు రోజు పొద్దున్నే కూర్చుని ప్రకటనలన్నీ కత్తిరించేది, వంకాయలో పుచ్చు తీసినంత ఓపికగా. నీ ఏడుపు కంటే సబ్బులే ఎక్కువున్నాయే ఇందులో, అనేది.

అమ్మ గొంతు ఎలా ఉండేదో అక్కకి గుర్తు లేదు. నాకెలాగూ లేదు, నేను మరీ చిన్నదాన్ని. అక్కకి గుర్తుండాలి, పొలం గట్టు మీంచి అమ్మ పిలిస్తే ఊరవతల ఆడుకుంటున్న పిల్లలందరూ తమనే అనుకుని పరుగెత్తేవాళ్లని చెబుతుంది, కానీ ఆ పిలుపు ఎలా ఉండేదో మాత్రం రాదు. ఫొటో ఉందే, చీర రంగు గుర్తుందే, చేతి వాసన కూడా గుర్తుందే, గొంతు ఒక్కటీ పోయింది, అంటుంది. రాత్రిళ్లు నేను పాఠం చదువుతుంటే నా వీపుకి చెవి ఆనించి పడుకునేది. చదువు, ఆపకు, అనేది. ఇలాగే ఉండేదేమోనే. నా గొంతు పోనివ్వనని ఆ రోజుల్లోనే అనుకుని ఉంటుంది. అందుకే పెట్టె, అందుకే తాళాలు. ఇవన్నీ నేను అడగకుండానే చేసింది. అడగకుండా చేసిన మంచి పనులన్నిటికీ ఇన్నాళ్లూ మురిసిపోయాను. అడగకుండా ఇదీ చేసింది.

కోడలు ఇప్పుడు వంటింట్లో మరిదితో మాట్లాడుతోంది. వదినా, కళ్లజోడు పెట్టుకుని వెతుకు, అంటున్నాడు వాడు, కళ్లున్నవాళ్లకి దొరుకుతుందిలే, అంటోంది నా గొంతు. ఆ ళ నేను గుర్తుపట్టాను. అది మా ఊరి బడిలో మాస్టారు నేర్పిన ళ. నాలుక వెనక్కి మడవండర్రా, మీ నాలుకేమన్నా చెక్కపలకా, అని ఒక్కొక్కళ్ల నోట్లోకి తొంగి చూసేవారు, పగిలిన అద్దం ముక్క తెచ్చి మా ముందు పెట్టి నీళ్లు, కళ్లు, వేళ్లు అనిపించేవారు. పట్నంలో మొదట డబ్బింగుకి వెళ్లినప్పుడు, ఈ ళ ఎక్కడిదమ్మా, ఇప్పుడెవరూ అలా పలకట్లేదు, ఉంచెయ్, బాగుంది, అన్నాడు డైరెక్టరు. యంత్రం దాన్నీ ఉంచేసింది. మరిది మాటకి కోడలు నవ్వింది, అది అక్క నవ్వు. నేను నవ్వితే చివర అక్క నవ్వులాగే లోపలికి పీల్చినట్టు వస్తుంది, ఒకే ఇంట్లో పెరిగితే వచ్చేస్తుంది. తన నవ్వు కూడా మూటగట్టి ఇచ్చేసిందని అక్కకి తెలుసా. తెలిసుండదు. తప్పు పట్టడానికి లేదు, అంత బాగా చేసింది యంత్రం. ఒక్క ఊపిరి మాత్రం రాలేదు దానికి. నవ్వాక కోడలు అన్నంత పొడుగు మాట నేనంటే మధ్యలో ఒకచోట పీలుస్తాను, అది పీల్చకుండానే చివరిదాకా వెళ్లింది, తర్వాత ఎక్కడో అక్కర్లేని చోట పీల్చింది. చూసేవాళ్లెవరికి పడుతుంది. చూసేవాళ్లు ఉంగరం కోసం చూస్తారు.

నేను గమనించాను. అదే ఇప్పుడు ఎక్కువ బాధగా ఉంది. ఆపరేషన్ అయ్యాక మంచం మీద పడుకుని చేసే పనేముంది, చూడటమే కదా, అలమారా సందులో పెట్టె దీపం మిణుకు మిణుకుమనడం చూశాను, పట్టపగలు. సీరియల్ వేళ కాదు. టీవీ ఆపేసి ఉంది. నేను చూడటం లేదు, అక్క పనికి వెళ్లింది. అయినా అది ఊరి నుంచి చుట్టాలొచ్చిన ఇల్లులా హడావిడిగా వెలుగుతూనే ఉంది, మధ్యాహ్నాలంతా, కొన్ని రోజులు. అక్క రాగానే దాని వైపు వేలు చూపించి, ఏంటన్నట్టు కనుబొమలెత్తాను. అక్క సంచి దించి, మంచినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు చెప్పింది, అప్పుడప్పుడూ డిస్కులు సరిచూసుకుంటుందే, ఏమీ కాదు, పడుకో అని. అక్క అబద్ధం చెప్పే ముందు గ్లాసు కడుగుతుందని నాకు తెలుసు. అమ్మ ఆసుపత్రి నుంచి ఇక రాదని తెలిసిన రోజున కూడా నాకు రేపొస్తుందని చెప్పే ముందు అంట్లన్నీ తోమింది. తెలిసీ ఊరుకున్నాను. పైగా పెట్టె మీద జాలిపడ్డాను, పాపం, ఒంటరిగా ఎంత పని చేస్తోందో అని. అలా వెలిగినన్ని మధ్యాహ్నాలు నేను గదిలో పడుకునే ఉన్నాను. నా తల పక్క నుంచే నన్ను పట్టుకెళ్లారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇంటి దొంగ వేడి పాలు తెచ్చి తాగించి, నుదుటి మీద జుట్టు సర్ది వెళితే ఇంకెలా పట్టేది.

ఒప్పుకున్నావట. ఎప్పుడు ఒప్పుకున్నాను. వెతగ్గా వెతగ్గా ఒక సాయంత్రం దొరికింది. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను, గొంతులో ముల్లులా ఉంది, ఆ ముల్లు కంటే నా కుర్చీలో ఇప్పుడెవరు కూర్చున్నారో అనేదే ఎక్కువ గుచ్చుతోంది. వెనక నుంచి అక్క భుజం మీద చెయ్యేసి, స్టూడియోవాళ్లతో నేను మాట్లాడతాను, నీ చోటు ఎవరికీ పోకుండా చూస్తాను, నాకొదిలెయ్, సరేనా, అంది. మంచం కోడు మీద గోరుతో ఒకసారి కొట్టాను. అదీ నా ఒప్పుకోలు. మౌనం అర్ధాంగీకారమంటారు, ఆ సగానికి నేను కొట్టిన దెబ్బ కలిస్తే నిండుగా సరిపోయింది అక్కకి. నీ గొంతు ఇచ్చేస్తాను, సరేనా, అని అడగాలని తోచలేదా. తోచే ఉంటుంది. అడిగితే రెండుసార్లు కొడతానని తెలిసే అడగలేదు. నా చోటైతే పోలేదు, నిజమే, నా చోట్లో నేనే ఉన్నాను. నన్నే నాకు పోటీగా పెట్టింది.

రిమోట్ తీసుకున్నాను. సీరియల్ ఒక మూల చిన్న చతురస్రంలోకి వెళ్లి, పెట్టెలోని అరలు తెర మీదికి వచ్చాయి. పిట్ట. లోపల వరసగా నా రోజులు, ఒక్కో బొమ్మలో కోడలు ఒక్కో రకంగా నోరు తెరిచి ఉంది. అన్నిటికన్నా పైన ఎర్ర చుక్కతో ఇప్పుడు రికార్డవుతున్న ఎపిసోడ్, నేను పలకని మాటలు నా అరలోకే చేరుతున్నాయి, రేపు సెలవు దొరికితే అక్క వీటికీ సబ్బులు కత్తిరించి తాళం వేస్తుంది కాబోలు. అన్నీ ఎంచుకుంటే అడుగుతుంది, చెరిపేయనా అని. అడిగింది. బొటనవేలు మీట మీద పెట్టాను. ఒక్కసారి నొక్కితే ఒక డిస్కులో పోతుంది, దాన్ని చూసి రెండోది కూడా చెరిపేసుకుంటుంది, మంచికీ చెడుకీ ఒకే మాట మీద ఉండేలా కట్టింది అక్క వాటిని. వచ్చి చూసుకుని లబోదిబోమంటుంది. ఒక గొంతు పోయింది, ఇంకో గొంతూ పోయింది అని కూలబడుతుంది. ఆ ఏడుపు వినాలని ఉంది నాకు, అబద్ధమెందుకు. కానీ చెరిపితే పోయేది ఇక్కడిదే. స్టూడియోలో ఉన్నది ఉంటుంది. అప్పుడు నా ఇన్నేళ్ల గొంతు లోకంలో ఉండే చోటు వాళ్లదొక్కటే అవుతుంది, నేను నా మాట వినాలన్నా బాబాయ్‌ని అడుక్కోవాలి. వద్దు అని నొక్కాను. చతురస్రం పెద్దదై సీరియల్ మళ్లీ తెర నిండింది.

ఉంగరం దొరకలేదు. అత్తగారు ఏదో అంది, కోడలు మంచం పక్కన కూలబడింది, మొహం చేతుల్లో దాచుకుంది, నాకు ముందే తెలిసిపోయింది, ఆ భుజాలు కదిలిన తీరు చూసి, ఇక్కడ ఏడుపు పడుతుంది అని. పడింది. ఈ ఏడుపు నేను ఎరుగుదును. ఇది యంత్రం కట్టింది కాదు, తీసి అతికించింది. చాలా కాలం కిందట ఈ కోడలికి తల్లి చనిపోయే సీను వచ్చింది. కాగితం మీద ఏమీ లేదు, ఏడుస్తుంది అని ఉంది, అంతే. నేను మైకు ముందు నిలబడి కళ్లు మూసుకున్నాను, పొలం గట్టు మీంచి అమ్మ పిలుస్తోందనుకున్నాను, పిలుస్తోంది, నోరు కదులుతోంది, నాకు వినపడటం లేదు, అది తలుచుకున్నాను. మొదట ఏమీ రాలేదు, తర్వాత ముక్కులో చిన్న మూలుగు, గాలి పట్టనట్టు ఎక్కిళ్లు, చివర సగంలో తెగిన అమ్మా. మళ్లీ చెయ్యమని అడగలేదు ఎవరూ. సౌండు బాబాయ్ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, చాలమ్మా, ఇంటికెళ్లు, అన్నాడు. ఆ రోజు సాయంత్రం ఇదే హాల్లో అక్క నా పక్కన కూర్చుని చూసింది. ఏడుపు మొదలవగానే లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది, గిన్నెలేమీ లేవు సింకులో. మర్నాడు చూస్తే ఆ ఎపిసోడ్‌కి తాళం పడి ఉంది, అన్నిటికంటే ముందు తాళం పడింది దానికే. దాన్ని కూడా ఇచ్చింది. వరసలో ఉంది కదా, వదిలేస్తే వెలితిగా ఉంటుందని ఇచ్చి ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఉంగరానికి వాడారు. రేపు చీర చిరిగినా వాడతారు. అన్నం మాడినా వాడతారు.

మెట్ల మీద అక్క అడుగులు వినపడ్డాయి, రోజంతా నిచ్చెనలెక్కిన మనిషి అడుగులు, నిదానంగా, ఒక్కో మెట్టూ అరగదీస్తున్నట్టు. సగంలో ఆగాయి. తర్వాత పరుగు. తలుపు బయట తాళంచెవి జారింది, మళ్లీ జారింది, తలుపు తోసుకుని చెప్పులు కూడా విడవకుండా, వైర్ల సంచి భుజాన ఉండగానే వచ్చి నా తలని పొట్టకేసి అదుముకుంది. "ఏమైందే పిట్టా? ఎందుకే అలా ఏడుస్తున్నావు?" చేతులు నా బుగ్గల మీద తడుముతున్నాయి, తుడవడానికి కన్నీళ్లు వెతుకుతున్నాయి. బుగ్గలు పొడిగా ఉన్నాయి. చేతులు ఆగాయి. అప్పుడు వినపడింది అక్కకి, ఏడుపు ఎటు నుంచి వస్తోందో.

నేను తలెత్తి చూశాను. అది ఏ ఏడుపో అక్క గుర్తుపట్టింది. ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, అంత బాగా గుర్తుపట్టింది కాబట్టే మెట్లు పరిగెత్తుకొచ్చింది. వంటింటి వైపు ఒకసారి చూసింది, వెళ్లలేదు.

"ఇంకొకామెని తెచ్చేస్తామన్నారే," అంది. "తెస్తే ఇక నిన్ను పిలవరు. ఎవరో ఎందుకు, మా పిల్ల గొంతే ఉంటుంది కదా అనుకున్నాను. నువ్వు సరేనన్నావనే చెప్పాను వాళ్లకి. కొట్టావు కదా నువ్వు."

గ్లాసు కింద పెట్టాను. డాక్టరమ్మ మాట గుర్తుంది, పుండు మాటా గుర్తుంది. ఊపిరి పీల్చుకున్నాను, ఎక్కడ పీల్చాలో అక్కడే పీల్చుకున్నాను.

"నేను ఒప్పుకోలేదక్కా."

సగం గాలి, సగం సిమెంటు గచ్చు మీద ఇనప్పెట్టె ఈడ్చినట్టు ఒక చప్పుడు. ళ లేదు, నవ్వు లేదు, అమ్మ లేదు అందులో. ఇంట్లో కొత్త మనిషెవరో మాట్లాడినట్టు అక్క ఉలిక్కిపడింది. ఒక్క క్షణం టీవీ వైపే చూసింది. మరుక్షణం వంగి, అరచెయ్యి నా నోటి మీద పెట్టేసింది. గట్టిగా కాదు, నిద్రపోయే పిల్ల మీద దుప్పటి కప్పినట్టు పెట్టింది. చేతికి రాగి తీగల వాసన. "వద్దే తల్లీ, మాట్లాడకు," అంది, నిజంగా భయపడుతూ. "గొంతు పోతుంది."

ఆ మణికట్టు పట్టుకుని చెయ్యి కిందికి దించాను. అదే మాట మళ్లీ అన్నాను.